ఒక వర్తక కళాశాల కథ

వ్యాపారము తండ్రితాతల దుకాణమున నేర్చుకొనవలసినదే గాని బడిలో వచ్చునది కాదని మనలో పెద్దలు పలువురు తలంతురు. అమెరికాలో న్యూయార్కు నగరమునకు డెబ్బదియైదు మైళ్ల యెగువను, హడ్సన్ నదియొడ్డున నున్న పొకిప్సీ యను చిన్న పట్టణమున హార్వే గ్రిడ్లీ ఈస్ట్‌మన్ అను నాతడు ఈ యభిప్రాయమును త్రోసిపుచ్చ సాహసించెను. 1859లో ఆయన స్థాపించిన ఖాసగీ వర్తక కళాశాల డెబ్బది సంవత్సరములకు పైగా నడచెను.

అచ్చటి బోధనాపద్ధతి మిక్కిలి చిత్రమైనది. కళాశాలకు స్వంత బ్యాంకు గలదు, స్వంత నోట్లు గలవు. విద్యార్థికి ముందుగా పద్దులు వ్రాయుట నేర్పి, పిమ్మట ఆ యుత్తుత్తి నోట్లనే మూలధనముగా నిచ్చి వర్తకునిగా నిలిపెడివారు. అతడు తోడివిద్యార్థితో బేరమాడవలెను, చిట్టా వ్రాసి ఆవర్జాకు ఎక్కింపవలెను, బ్యాంకులో జమకట్టవలెను. బ్యాంకు గుమాస్తాయు విద్యార్థియే! ఒకని పుస్తకములోని తప్పు రెండవవాని పుస్తకములో బయటపడక తప్పదు. బజారులో చెల్లని యా నోట్లను పురాతన నాణెములను సేకరించువారు నేటికిని భద్రపరచుచున్నారు.

1865లో అంతర్యుద్ధము ముగిసెను. సైన్యమునుండి విడుదలయైన యువకులకు కొలది మాసములలో జీవనోపాధి చూపు విద్య కావలసివచ్చెను. విద్యార్థుల సంఖ్య వేయికి మించెను. ఈస్ట్‌మన్ ప్రకటనలకు ధారాళముగా ధనము వెచ్చించెడివాడు. పత్రికలవారమగు మేము ఆ యలవాటును నిందింపజాలము!

పట్టణము ఆయనను నగరాధ్యక్షునిగా నెన్నుకొనెను. ఆయన కాలముననే, 1872లో, నదీజలమును ఇసుకపొరల గుండ వడగట్టి యింటింటికి పంపు యేర్పాటు అచ్చట జరిగెను. అమెరికాలో నట్టిది అదియే మొదటిది. హడ్సన్ నదిపై రైలువంతెన కావలెనని ఆయన మిక్కిలి పాటుపడెను గాని దానిని చూడ నోచుకొనలేదు. 1878లో, ఏబదియేండ్లైన నిండకయే, ఆయన మరణించెను. వంతెనపై రైళ్లు 1889లో నడచెను.

కళాశాల కుటుంబము చేతిలోనే యుండెను. చవుక దుకాణములతో కోటీశ్వరుడైన ఎస్. ఎస్. క్రెస్గీ 1889లో ఇచ్చటనే పట్టము పొందెను. కాని రానురాను ప్రభుత్వ పాఠశాలలే పద్దుల లెక్కలను, షార్ట్‌హాండును, టైపురైటింగును జీతము లేకుండ నేర్పసాగెను. ఉన్నత వాణిజ్యవిద్యను విశ్వవిద్యాలయములు చేపట్టెను. ఉచితముగా దొరకుదానికి రుసుము చెల్లించువారెవరు? 1929లో ఆరంభమైన యార్థికమాంద్యము దానికి తోడయ్యెను. 1931లో కళాశాల మూతపడెను.

ఆ పట్టణముననే మరియొక విద్యాలయము గలదు. మాథ్యూ వాసర్ అను బీరు వ్యాపారి 1861లో స్త్రీవిద్యకై 4,08,000 డాలర్లను, రెండువందల యెకరముల భూమిని ధర్మకర్తల కప్పగించెను. అతడు పెద్దచదువు చదివినవాడు కాడు. వాని కళాశాల నేటికిని నడచుచున్నది. ఈస్ట్‌మన్ వేలమందికి జమాఖర్చులు నేర్పెను. తన సంస్థకు మాత్రము విద్యార్థుల జీతములు తప్ప వేఱు జమ చూపలేదు. విద్యాలయములకు పేరు పెట్టుకొనుటయం దుత్సాహము చూపు మన భూస్వాములును వర్తకులును ఈ రెండు పద్దులను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెనని మా ప్రార్థన. పొకిప్సీలో నేడు ఈస్ట్‌మన్ పేర నొక యుద్యానవనము మాత్రము మిగిలియున్నది.