స్లీపింగ్‌ బ్యాగు: ఉతకడం కన్నా ఆరబెట్టడమే ముఖ్యం

మల్కాజ్‌గిరి: ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం, తార్నాక, మల్కాజ్‌గిరి పరిసరాల నుంచి వేసవిలో హిమాలయాల బాట పట్టే యువతీయువకులు ఏటా ఉంటారు. ఏప్రిల్‌, మే నెలల్లో సికింద్రాబాద్‌లో ఢిల్లీ రైలెక్కి జూన్‌ నాటికి తిరిగి వస్తారు. వచ్చిన రోజే బూట్లు కడుగుతారు, దుస్తులు నానబెడతారు. స్లీపింగ్‌ బ్యాగు మాత్రం చిన్న సంచిలో కుక్కింది కుక్కినట్లే మంచం కిందకు చేరుతుంది. సరిగ్గా అప్పుడే నగరంలో వానలు మొదలవుతాయి. మరుసటి ఏడాది విప్పేసరికి ముక్కిన వాసన, నల్లటి బూజు మచ్చలు, లోపల ఉండలు కట్టిన పొర దర్శనమిస్తాయి.

నష్టం డబ్బుతో పోయేది కాదు. స్లీపింగ్‌ బ్యాగు తనంతట తాను వేడిని పుట్టించదు. లోపలి పొర పొంగి గాలిని పట్టి ఉంచుతుంది. శరీరం నుంచి వెలువడే వేడి బయటకు పోకుండా ఆ గాలే అడ్డుపడుతుంది. చెమట, జిడ్డు, తేమ చేరి పొర అణిగితే గాలి నిలవదు. బ్యాగు మీద ముద్రించిన ఉష్ణోగ్రత అంకె అలాగే ఉంటుంది గానీ దానికి అర్థం ఉండదు. నీరు గడ్డకట్టే చలిలో, వైద్యుడు అందుబాటులో లేని చోట ఈ సంగతి తెలిసిరావడం ప్రాణాల మీదకు తెస్తుంది.

తెలుగువారికి పర్వతారోహణ కొత్త కాదు. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల్లోని ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో అధిరోహించారు. 2015లో ఆండీస్‌ పర్వతాల్లోనే కన్నుమూశారు. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు మాలావత్‌ పూర్ణ, ఆనంద్‌కుమార్‌ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. వారి శిక్షణ భువనగిరి కొండపై మొదలైంది. హబ్సిగూడలోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అంటార్కిటికా యాత్రల్లోనూ పాలుపంచుకున్నారు. ఇన్ని ఉన్నా, మే నెల ఎండలో రగ్గు ముఖం చూడని ఊళ్లో ఈ సామగ్రిని ఎలా కాపాడుకోవాలో చెప్పేవారు తక్కువే.

ఈకలా? పాలిస్టరా?

ముందుగా లోపల ఏముందో చూసుకోవాలి. వివరం అంచున కుట్టిన చీటీపై ఉంటుంది. బాతు లేదా హంస ఈకల అడుగున ఉండే నూగుతో నింపినవి ఒక రకం. తేలిక, వెచ్చదనం ఎక్కువ, ధరా ఎక్కువే. తడిస్తే మాత్రం ముద్దయి పనికిరావు. రెండో రకం పాలిస్టర్‌ నూలు పోగులతో నింపినవి. బరువెక్కువైనా తేమను కొంత తట్టుకుంటాయి. విద్యార్థుల వద్ద ఎక్కువగా కనిపించేవి ఇవే.

దూది బొంత అణిగిపోతే దూదేకేవారు విప్పి, ఏకి, మళ్లీ కుట్టి ఇస్తారు. స్లీపింగ్‌ బ్యాగుకు ఆ సౌకర్యం లేదు. లోపలి గదులు చెడితే బాగుచేయడం దాదాపు అసాధ్యం. కాబట్టి అసలు మురికి పట్టకుండా చూసుకోవడమే మేలు. పాత నూలు దుప్పటిని మడిచి సంచిలా కుట్టించి లోపల వేసుకుంటే చెమట, జిడ్డు దానికే అంటుతాయి. దుప్పటిని ఎన్నిసార్లు ఉతికినా ఇబ్బంది లేదు. దర్జీకి అరగంట పని. తలకు నూనె రాసుకుని అందులో పడుకునే అలవాటు కూడా మానుకోవాలి. బ్యాగులో ముందుగా పాడయ్యేది మెడ దగ్గరి భాగమే.

తొట్టిలో ఉతికే విధానం

చిన్న మరకలకు మొత్తం ఉతకనక్కర్లేదు. మరక ఉన్నచోట పై గుడ్డను పొర నుంచి వేలితో ఎత్తిపట్టి తడి స్పాంజితో తుడిస్తే చాలు. దుర్వాసన వచ్చినా, పొంగు తగ్గినా అప్పుడు ఉతకాలి. జిప్పులు మూసి, పెద్ద ప్లాస్టిక్‌ తొట్టిలో గోరువెచ్చని నీళ్లు పోసి, గాఢత తక్కువ ఉన్న ద్రవ సబ్బును కొద్దిగా కలపాలి. గంటసేపు నాననిచ్చి అరచేతులతో మెల్లగా అదమాలి. బండపై బాదడం, బ్రష్షుతో రుద్దడం, బ్లీచింగ్‌, దుస్తులకు వాడే మెత్తదనపు ద్రావణాలు ఏవీ పనికిరావు. ఈకల రకానికి డ్రైక్లీనింగ్‌ కూడా మంచిది కాదు. అందులోని రసాయనాలు నూగుకు సహజంగా ఉండే నూనెను లాగేస్తాయి.

ఇక్కడ నీటి సంగతి ఒకటి ఉంది. చాలా అపార్టుమెంట్లలో బోరు నీరే వాడుక. కఠిన జలంలో సబ్బు తెల్లటి మడ్డిగా మారి పొరకు అంటుకుంటుంది. కుళాయి నీరు వచ్చే రోజు చూసుకుని ఉతకడం ఉత్తమం. నురుగు పూర్తిగా పోయేదాకా నాలుగైదు సార్లు జాడించాలి. యంత్రమే వాడదలిస్తే మధ్యలో తిరిగే కడ్డీ లేని, ముందు తలుపు ఉన్న పెద్ద యంత్రమే వాడాలి.

అసలు ప్రమాదం తొట్టిలోంచి తీసేటప్పుడు. నీళ్లు పీల్చిన బ్యాగును ఒక కొస పట్టుకుని ఎత్తితే ఆ బరువుకు లోపలి కుట్లు తెగుతాయి. మెలిపెట్టి పిండరాదు. తొట్టిలోనే అదిమి నీరు దింపి, రెండు చేతులూ కిందకు పెట్టి పసిబిడ్డను ఎత్తినట్లు ఎత్తాలి.

నులక మంచమే సాధనం

దండెం మీద వేలాడదీస్తే పొర అంతా కిందకు జారుతుంది. మేడపై నీడపట్టున నులక లేదా నవారు మంచం వేసి పరచడం సులువు. పైనుంచీ కిందనుంచీ గాలి ఆడుతుంది. తీవ్రమైన ఎండ నైలాన్‌ గుడ్డను క్రమంగా బలహీనపరుస్తుంది కనుక రోజంతా ఎండలో వదలరాదు. కొన్ని గంటలకోసారి తిప్పుతూ, చేతికి తగిలిన ఉండలను వేళ్లతో విడదీయాలి. ఈకల రకం ఆరడానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు. పైకి పొడిగా ఉన్నా లోపల తేమ మిగిలితే వారంలో బూజు పడుతుంది.

అందుకే జూన్‌లో తిరిగి వచ్చినవారు తొందరపడి వానల్లో ఉతకకపోవడమే మంచిది. అప్పటికి మరకలు తుడిచి, తిరగేసి, ఫ్యాను కింద బాగా ఆరనిచ్చి దాచుకోవాలి. పూర్తి ఉతుకు వానలు వెనుదిరిగాక అక్టోబరు, నవంబరుల్లో పెట్టుకోవచ్చు.

దాచే పద్ధతి

ప్రయాణంలో వాడే బిగుతు సంచి ప్రయాణానికే. నెలల తరబడి అందులో నొక్కి ఉంచితే పొర మళ్లీ పొంగదు. పెద్ద నూలు సంచిలోనో, దిండు గలీబులోనో వదులుగా వేసి అల్మారా పై అరలో పెట్టాలి. ప్లాస్టిక్‌ కవరు వద్దు, తేమ లోపలే నిలుస్తుంది. కలరా ఉండలు వేస్తే ఆ వాసన వదలదు, రాత్రంతా దాన్నే పీల్చాల్సి వస్తుంది.

వసతి గృహాల్లో మరో బెడద నల్లులు. రైలు సీటు కింద, అద్దె గదుల్లో ఉంచిన బ్యాగుల కుట్లలో చేరి ఇల్లు చేరతాయి. ఎండలో పెడితే చస్తాయనుకుంటారు గానీ, అవి నీడవైపు మడతల్లోకి పాకిపోతాయి. తిరిగి రాగానే గదిలోకి తేకుండా మేడపైనే విప్పి, కుట్లు, జిప్పు అంచులు పరిశీలించి దులపాలి.

పాతది కొనేవారు, సీనియర్ల దగ్గర అరువు తెచ్చుకునేవారు ముందు దాన్ని సంచిలోంచి తీసి బాగా దులిపి కాసేపు వదిలేయాలి. పొంగకపోయినా, వెలుతురుకు ఎదురుగా పట్టినప్పుడు గదులు ఖాళీగా కనిపించినా మంచు కొండలకు తీసుకెళ్లవద్దు. అనంతగిరి గుట్టల్లో ఒక రాత్రి విడిదికి అది చాలు.