ఇంట మ్రోగిన వీణ

సంగీతమనగానే మనకు సభామందిరం, వేదిక, ధ్వనివర్ధకాలు, కరతాళధ్వనులు స్ఫురిస్తాయి. కాని తెలుగునాట సంగీతం చిరకాలంగా నిలిచి ఉన్న చోటు మరొకటి ఉంది. అది ఇల్లు. పగలంతా బడిలో పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు రాత్రి భోజనానికి ముందు వయొలిన్ పెట్టె తెరుస్తాడు. బ్యాంకు ఉద్యోగి ఆదివారం ఉదయం వేణువు చేత పడతాడు. ఇంటిపని ముగించుకొన్న గృహిణి చాపపై కూర్చుండి వీణ తీగలు సవరించుకుంటుంది. వీరెవరూ కచేరీలు చేయరు. వీరి పేర్లు పత్రికలలో కనిపించవు. సంగీతం వల్ల ఒక్క రూపాయి అయినా ఆర్జించకపోగా, తీగలకూ మరమ్మతులకూ చేతి సొమ్ము వెచ్చిస్తారు. ఇట్టివారిని ఔత్సాహికులంటాం. ఔత్సాహిక నాటక సమాజాల మూలంగా ఈ మాట మనకు పరిచితమే. దీనిని కొందరు 'నేర్పు చాలనివాడు' అన్న అర్థంలో చిన్నచూపుతో వాడటం కద్దు. అది సరికాదు. ఔత్సాహికునికి సంగీతం జీవిక కాదు. భేదమంతా అక్కడే ఉంది.

మన ప్రాచీన కవులు ఈ ఇంటి విద్యను గుర్తించకపోలేదు. పింగళి సూరన కళాపూర్ణోదయంలో నారదుడు తుంబురుని మించాలన్న పంతంతో ద్వారకకు వచ్చి, శ్రీకృష్ణుని దేవేరులైన జాంబవతి, సత్యభామ, రుక్మిణుల వద్ద గానవిద్య అభ్యసిస్తాడు. త్రిలోకసంచారి అయిన మహర్షికి గురుత్వం వహించినవారు ఏ సభలోనూ పాడని అంతఃపుర స్త్రీలు. సూరన ఈ సంగతిని వింతగా చెప్పలేదు. సహజమైన విషయంగానే చెప్పాడు.

ఆధునిక కాలంలో ఇంటి వాద్యం ఎంత దూరం ప్రయాణించగలదో తెలుసుకోవడానికి ఒక ఉదాహరణ చాలు. పందొమ్మిదవ శతాబ్ది చివర విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కళాశాలలో గణిత, భౌతికశాస్త్రాలు బోధించిన చంద్రశేఖర అయ్యర్ ఇంట వయొలిన్ వాయించేవారు. ఆ నాదం వింటూ పెరిగిన కుమారుడే సి.వి. రామన్. 1930లో నోబెల్ బహుమతి తెచ్చిపెట్టిన కాంతి పరిశోధనకు పూర్వం ఆయన చాలాకాలం వాద్యాల ధ్వనినే పరిశీలించారు. వయొలిన్ తీగ కమాను కింద ఎట్లా కంపిస్తుందో 1918లో సిద్ధాంతీకరించారు. తంబూరా, వీణల తీగలు ఆనుకొనే గుర్రం వెడల్పుగా, కొంచెం వంపుగా ఉండటం వల్లనే వాటి నాదంలో అన్ని అనుస్వనాలు పలుకుతున్నాయని 1921లో వివరించారు. ఆ పరిశోధనలో చాలాభాగం కలకత్తాలో ప్రభుత్వ ఆర్థికశాఖ ఉద్యోగం చేస్తూ, కచేరీ వేళలు ముగిసిన తరువాత సాగించినదే. ఒక విధంగా తండ్రి సంగీతంలో ఎటువంటివాడో, కుమారుడు ఆ రోజులలో విజ్ఞానశాస్త్రంలో అటువంటివాడు.

జీవిక వేరైనంత మాత్రాన విద్వత్తు కొరవడదనడానికి డాక్టర్ శ్రీపాద పినాకపాణి (1913-2013) నిదర్శనం. వృత్తిరీత్యా వైద్యులు, వైద్యకళాశాలలో ఆచార్యులు. గాత్రం ఆయన ప్రవృత్తి. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ వంటి మహావిద్వాంసులు ఆయన శిష్యులు. తాను సేకరించిన కృతులను స్వరపరచి 'సంగీత సౌరభం' పేరుతో గ్రంథస్థం చేశారు. మద్రాసు సంగీత అకాడమీ 1983లో ఆయనకు సంగీత కళానిధి బిరుదమిచ్చింది. అందరు ఔత్సాహికులూ పినాకపాణులు కాలేరు. కాని ప్రతి ఊరిలోనూ ఆ దారిలో నాలుగడుగులు నడిచినవారు ఉన్నారు.

ఇంటి వాద్యాలలో వీణ మనకు అత్యంత సన్నిహితం. విజయనగరం జిల్లా బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలో సర్వసిద్ధి వారి కుటుంబాలు తరతరాలుగా పనసకర్రతో వీణలు చేస్తున్నాయి. ఒకే దుంగను తొలిచి కుండ, దండి కలిపి చేసిన దానిని ఏకాండి వీణ అంటారు. వీణకు వాయించే తీగలు నాలుగు, తాళం వేసే తీగలు మూడు. మెట్లు 24. ఈ లోహపు మెట్లను నిలిపి ఉంచేది బొగ్గుపొడి కలిపిన తేనెమైనం. ఎండలు ముదిరితే మైనం మెత్తబడుతుంది. ఏళ్లు గడిస్తే ఎండి పెళుసెక్కుతుంది. మెట్టు వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది. కనుక కొన్నేళ్లకొకసారి మైనం మార్చి, ప్రతి మెట్టునూ చెవితో సరిచూసి తిరిగి నిలపాలి. ఆ పని తెలిసినవారు ఊరూరా దొరకరు. వీణను బస్సులో తీసుకువెళ్లడం పసిబిడ్డను తీసుకువెళ్లడం కంటె కష్టం. ఎన్నో ఇళ్లలో వీణ మూగబోవడానికి వాయించేవారి అశ్రద్ధ కంటె ఈ మైనమే ఎక్కువ కారణం.

ఇంకొక కారణం కూడా ఉంది. దానిని దాచడం న్యాయం కాదు. వెనుకటి తరంలో ఆడపిల్లకు వీణ నేర్పించినవారిలో చాలామంది దానిని పెళ్లిచూపులకు పనికివచ్చే యోగ్యతగా భావించారు. సరళీ స్వరాలతో మొదలుపెట్టి, గీతాలు, వర్ణాలు దాటి, నాలుగు కృతులు చేతికి వచ్చేసరికి పెళ్లి కుదిరేది. అత్తవారింట వీణ అటక ఎక్కేది. అయినా కొందరు విడువలేదు. వేళ్లకు కొబ్బరినూనె రాసుకొని, పిల్లలు బడికి వెళ్లిన తరువాత దొరికిన అరగంటలో సాధకం చేసుకున్నారు. వీణ వాయించేవారి ఎడమచేతి చూపుడువేలికీ మధ్యవేలికీ తీగ ఒరిపిడి వల్ల గాడులు పడి, చర్మం కాయ కాస్తుంది. కొన్ని వారాలు వాయించకపోతే అది మెత్తబడుతుంది. మళ్లీ మొదలుపెట్టిన నాడు వేలు మండుతుంది. ఒక గృహిణి ఎన్నిసార్లు విద్యను విడిచి ఎన్నిసార్లు తిరిగి పట్టిందో ఆమె వేలికి తెలుసు.

జీవితాంతం వాద్యంతో గడిపినవారి అనుభవంలో ఒక క్రమం కనిపిస్తుంది. ఇరవై ఏళ్ల వయసులో వేగం మీద మోజు. మూడవ కాలంలో వర్ణం వాయించగలిగితే విద్య ముగిసినట్లే తోస్తుంది. నలభైలలో ఉద్యోగం, బిడ్డల చదువులు; వాద్యం గలేబులోనే ఉండిపోతుంది. అరవై దాటాక తీరిక దొరుకుతుంది గాని వేళ్లు బిగుసుకుంటాయి. అప్పుడు విధిలేక మెల్లగా వాయిస్తారు. ఆ మెల్లదనంలో, ఒక్క గాంధారం మీద నిలిచినపుడు, ఇరవై ఏళ్లనాడు పరుగులో తప్పిపోయిన గమకం వినిపిస్తుంది. ఈ మాట ఒకరిద్దరు కాదు, నేనెరిగిన ఔత్సాహికులు చాలామంది చెప్పారు.

వాద్యకారుడు తన వాదనాన్ని తాను వినగలడా? వాయిస్తున్నంతసేపు అతని మనసు చేతుల మీద, రాబోయే సంగతి మీద లగ్నమై ఉంటుంది. తాను వాయించదలచుకొన్నది వింటాడు గాని వాయించినది వినడు. విద్వాంసునికి సభ ఉంది, విమర్శకుడున్నాడు, పక్కవాద్యం ఉంది. ఇంట ఒంటరిగా వాయించేవానికి ఎవరున్నారు? ఇక్కడనే ధ్వనిముద్రణ యంత్రం ప్రవేశించింది.

ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫు నిర్మించాడు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు గ్రామఫోను పలకలకెక్కాయి. కాని గ్రామఫోను వినిపించే యంత్రం మాత్రమే. మన ధ్వనిని అది పట్టుకోదు. 1963లో ఫిలిప్స్ సంస్థ చిన్న క్యాసెట్టును విడుదల చేసిన తరువాతనే సామాన్యుని ఇంటికి ధ్వనిముద్రణ వచ్చింది. మన ప్రాంతంలో 1980లలో గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లినవారు తెచ్చిన 'టూ ఇన్ వన్'లు దీనికి బాగా తోడ్పడ్డాయి. రేడియో, టేప్‌రికార్డరు ఒకే పెట్టెలో ఉండటం వల్ల దానికాపేరు. అరవై నిమిషాల క్యాసెట్టుకు ఒక్కో వైపు ముప్పై నిమిషాలు. ఎరుపు, నలుపు మీటలు రెండూ కలిపి నొక్కితే ముద్రణ మొదలు.

తొలిసారి తన వాద్యాన్ని విన్నవారు సాధారణంగా దిగులుపడతారు. లయ పరుగెత్తుతుంది. నిలకడగా ఉన్నదనుకొన్న షడ్జం వణుకుతుంది. గొప్పగా పలికిందనుకొన్న సంగతి రెండు స్వరాలు మింగేస్తుంది. కొందరు ఆ దెబ్బతో క్యాసెట్టు దాచేస్తారు. కొందరు మరునాడు మళ్లీ ముద్రిస్తారు. ఈ రెండవ రకంవారికి అది గురువయింది. అయితే ఈ గురువు మాట కూడా ఆసాంతం నమ్మదగినది కాదు. క్యాసెట్టు టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడవాలి. బ్యాటరీలు నీరసించినపుడు ముద్రిస్తే టేపు మెల్లగా నడుస్తుంది. కొత్త బ్యాటరీలు వేసి వింటే శ్రుతి పెరిగి వినిపిస్తుంది. వేగంలో సుమారు ఆరు శాతం తేడా వచ్చినా ధ్వని ఒక స్వరస్థానం జరుగుతుంది. తన శ్రుతి తప్పిందని బాధపడిన వారిలో ఎందరు బ్యాటరీల పాపాన్ని మోశారో!

నేటి సెల్‌ఫోనులో ఈ బాధ లేదు. దాని చిక్కు వేరు. ఫోను ముఖ్యంగా మాటల కోసం చేసినది. ఎడతెగక మ్రోగే తంబూరా శ్రుతిని అది రొదగా ఎంచి తగ్గించవచ్చు. మెల్లగా మీటినది పెంచి, గట్టిగా మీటినది తగ్గించి, అన్నింటినీ ఒక మట్టానికి తేవచ్చు. వీణలో ప్రాణమంతా ఆ హెచ్చుతగ్గులలోనే ఉంది. అందుచేత సర్దుబాట్లలో ఈ సౌకర్యాలను నిలిపివేసే వీలున్న ముద్రణ సాధనాన్ని ఎన్నుకోవాలి. ఖాళీ గదిలో గోడలు ప్రతిధ్వనిస్తాయి కనుక బొంతలు, తెరలు ఉన్న గది మేలు. ఫోనును వీణ ఉన్న నేల మీదనే పెట్టక, మడిచిన తువ్వాలుపై కొంత దూరంలో ఉంచాలి.

ఇంటి ముద్రణలో ఇంటి చప్పుళ్లు కూడా పడతాయి. కుక్కరు కూత, వీధిలో కూరలమ్మి కేక, ఎవరో బిడ్డ ఏడుపు. స్టూడియో వారు వీటిని దోషాలంటారు. ఏళ్లు గడిచాక ఇంటివారు మొదట వెదకి వినేవి అవే.

క్యాసెట్టు వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులుండేవి. వాటిని విరిచివేస్తే ఆ క్యాసెట్టు మీద మరల ముద్రించడం సాధ్యపడదు. మా మేనత్తగారు బొబ్బిలి వీణ వాయించేవారు. ఏనాడూ వేదిక ఎక్కలేదు. 1985లో బంధువొకరు తెచ్చిన టూ ఇన్ వన్‌లో, అందరూ బలవంతం చేయగా, ఒక సాయంకాలం అరగంట వాయించారు. పలుకులు విరవాలని ఎవరికీ తోచలేదు. రెండేళ్ల తరువాత, నేను ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరంలో ఉండగా, సెలవులకు వారింటికి వెళ్లి, చేతికందిన క్యాసెట్టు వేసి రేడియోలో వస్తున్న సినిమా పాటలు ముద్రించుకొన్నాను. సంగతి తెలిసి నేను తల దించుకొని నిలబడితే, ఆమె "పోనీలేరా, మళ్లీ వాయిస్తాను కదా" అన్నారు. ఆ పైన ఆమె వేళ్లు సహకరించలేదు. మళ్లీ ముద్రణ జరగనేలేదు.

ఆమె పోయిన చాలాకాలానికి ఆ క్యాసెట్టు దొరికింది. బూజు తుడిచి, చుట్టలను పెన్సిలుతో నెమ్మదిగా తిప్పి, పాత యంత్రంలో వేసి, మా అమ్మాయి దానిని కంప్యూటరులోకి ఎక్కించింది. నాలుగు సినిమా పాటలు సాగాయి. అయిదవ పాట చరణం మధ్యలో, నేనానాడు మీట నొక్కి ఆపిన చోట, టక్కున ఒక చప్పుడు. ఆ వెంటనే వీణ, మోహన రాగం, తానం నడుస్తూ ఉంది. ఏడు నిమిషాలు. చివర ఆమె గొంతు: "చాలు, ఇక ఆపరా, పొయ్యి మీద పాలున్నాయి."