ఆయుధ శాసనము: సఫలమగునది యేది? సాధ్యమగునది యేది?

తుపాకుల చట్టమును గూర్చిన చర్చ యెక్కడ పుట్టినను రెండు కేకలు వినబడుచుండును. ఆయుధముల నన్నిటిని లాగివేయుడని యొకరు. ఆత్మరక్షణము మనుజుని జన్మహక్కు గనుక అడ్డుచెప్పరాదని వేరొకరు. ఈ కేకల నడుమ శాసనకర్త యడుగవలసిన రెండు ప్రశ్నలు మరుగుపడుచున్నవి. తలపెట్టిన చట్టము ప్రాణములను కాపాడునా? దానిని శాసనసభ యంగీకరించి ప్రజలు పాటించునట్లు చేయుట సాధ్యమా? మొదటి ప్రశ్నకు నిలువనిది ఆడంబర శాసనము. రెండవదానికి నిలువనిది కాగితపు శాసనము. రెంటికిని నిలుచునవి యెవ్వియో పరిశీలించుట నేటి మా యుద్దేశము.

ఈ విషయమున మన దేశమునకు గల యనుభవము సామాన్యమైనది కాదు. 1878 సంవత్సరమున లిట్టను ప్రభువు రాజప్రతినిధిగా నుండగా పుట్టిన ఆయుధశాసనము భారతీయునిపై లైసెన్సును విధించెను. ఐరోపీయులకు మినహాయింపు లభించెను. తుపాకి పోయినందుకంటె ఈ జాతిభేదమునకే మనవారి మనస్సులు గాయపడెను. ఆ చట్టమును సవరింపుమని కాంగ్రెసు మహాసభ పలుమారులు తీర్మానించెను. అహింసావ్రతుడగు గాంధీమహాత్ముడు సైతము 1918లో ఖేడా జిల్లాలో సైన్యమునకు మనుష్యులను చేర్చు సందర్భమున వెలువరించిన కరపత్రమునందు దానిని తీవ్రముగా గర్హించెను. 1930 జనవరిలో ఆయన ప్రభుత్వము ముందుంచిన పదునొకండు కోరికలలో ఆత్మరక్షణార్థము తుపాకులకు లైసెన్సు లీయవలెననునది యొకటి. మరుసటి యేట కరాచీ కాంగ్రెసు ఆయుధధారణమును పౌరుల హక్కులలో చేర్చెను. మన మన్యమున అల్లూరి సీతారామరాజు 1922 ఆగష్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై బడి తుపాకులను గొనిపోయెను. సర్కారు నెదుర్కొనదగిన ఆయుధము సర్కారు ఠాణాలో దప్ప వేరొకచోట దొరకకుండుటయే దీనికి కారణము.

నిరాయుధీకరణమన్న తోడనే మన పెద్దలకు దాస్యము స్ఫురించుట ఈ చరిత్రవలననే. అది సహజము. కాని ఆ చరిత్రనే జాగరూకతతో చదివినచో వేరొక సంగతియు కనబడును. గాంధీజీ కోరినది ప్రజల యదుపునకు లోబడిన లైసెన్సును. కరాచీ తీర్మానము కోరినది నిబంధనలకు లోబడిన హక్కును. అదుపు వలదని మన నాయకులు ఎన్నడును కోరలేదు. పరాయివాని యదుపు వలదనిరి.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట ఈ భేదము స్పష్టపడెను. 1948 డిసెంబరులో రాజ్యాంగసభయందు శ్రీ హెచ్. వి. కామత్ ఆయుధధారణ హక్కును ప్రాథమికహక్కులలో చేర్పవలెనని సవరణ తెచ్చిరి. డాక్టరు అంబేద్కరు దాని నెదిరించిరి. సభ దానిని తిరస్కరించెను. పైగా రాజ్యాంగము 19వ అధికరణమున సమావేశపు హక్కునే శాంతియుతముగను నిరాయుధముగను జరుపుకొనవలెనని నియమించినది. తరువాత 1959లో నూతన ఆయుధశాసనము వచ్చెను. 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. ఆ శాసనము ప్రజలను శత్రువులుగా జూడలేదు. ఆత్మరక్షణకో వేటకో పొడవైన గొట్టముగల తుపాకిని, పంటకాపునకు మందుగూరు నాటు తుపాకిని కోరు పౌరునికి, అనర్హత యేదియు లేనిచో, లైసెన్సు నీయవలెనని 13వ సెక్షను చెప్పుచున్నది. కొడగు ప్రజల పూర్వాచారమును మన్నించి వారికిచ్చిన మినహాయింపు కూడ 2029 వరకు పొడిగింపబడినది. సర్కారు తుపాకులను లాగుకొనునను భయము మన దేశమున నిరాధారమని దీనివలన తేలుచున్నది.

ఇక సాధ్యాసాధ్యముల మాట. 1983 సవరణ ఒక్కొక్కరికి మూడు తుపాకులని హద్దు పెట్టెను. 2019లో కేంద్రప్రభుత్వము దీనిని ఒకటికి తగ్గింపదలచెను. తాత ముత్తాతలనుండి వచ్చిన తుపాకులు గల కుటుంబములవారును, సరిహద్దు రాష్ట్రములవారును మొఱపెట్టగా ఒకటి రెండయ్యెను. ఆ డిసెంబరులో ఉభయసభలును అంగీకరించెను. పార్లమెంటులో బలమైన సంఖ్యగల ప్రభుత్వమే ఒక మెట్టు దిగవలసివచ్చినది. సంస్కర్తలు ఈ పాఠమును గుర్తింపవలెను. అయితే ఆ సవరణయే లైసెన్సు గడువును మూడేండ్లనుండి అయిదేండ్లకు పెంచినది. తుపాకుల సంఖ్యను తగ్గించి, తుపాకి పట్టినవానిని పరీక్షించు గడువును దూరము చేయుట మాకు యుక్తముగ దోచుట లేదు. హాని చేయునది పెట్టెలోని మూడవ తుపాకి కాదు, చేతిలోని మొదటి తుపాకి.

అసలు రోగ మెక్కడ నున్నది? జెనీవాలోని చిన్న ఆయుధముల పరిశీలన సంస్థ 2018లో ప్రకటించిన యంచనా ప్రకారము మన పౌరుల యొద్ద 7 కోట్ల 10 లక్షల పైచిలుకు తుపాకులు గలవు. లెక్కలో నెక్కినవి 97 లక్షలు మాత్రమే. తక్కినవి ముంగేరు మొదలగు చోట్ల రహస్యముగ తయారగు నాటు పిస్తోళ్లు, లెక్కకు రాని పాత తుపాకులు మున్నగునవి. కనుక లైసెన్సుదారుని మీదనే సమస్తభారము మోపు శాసనము దొంగను విడిచి ఇంటివానిని కట్టివేసినట్లగును. 2023 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు సైతము లైసెన్సులేని తుపాకుల వ్యాప్తిని తనంతట విచారణకు గైకొనెను.

పరదేశముల యనుభవమును కొంచెము చూతము. ఆస్ట్రేలియాలో 1996 ఏప్రిలు 28న పోర్టు ఆర్థరునందు 35 మంది హతులైరి. పండ్రెండు దినములలో ప్రధాని హోవర్డు రాష్ట్రముల నన్నిటిని ఒక ఒప్పందమునకు దెచ్చెను. తమంతట గుండు నెక్కించుకొను తుపాకులు నిషేధింపబడెను. ప్రభుత్వము వెలయిచ్చి సుమారు 6 లక్షల 50 వేల తుపాకులను కొనెను. ఆయనకు వోటిచ్చిన పల్లెటూరి జనమే ఎదిరించినను ఆయన వెనుదీయలేదు. ఆ వెలయిచ్చుటయే చట్టమును సాధ్యము గావించెను. అమెరికాలో నిట్లు గాదు. 1791 నాటి రెండవ సవరణము అక్కడి శాసనకర్తకు ఎల్లలు గీసినది. 2012 డిసెంబరులో శాండీ హుక్ పాఠశాలలో 20 మంది పసివారు, ఆరుగురు పెద్దలు చంపబడిన పిదప, కొనువారి పూర్వచరిత్రను పరీక్షించు పద్ధతిని విస్తరింపజేయు ప్రతిపాదన 2013లో 54 వోట్లు పొందియు, 60 కావలసియున్నందున సెనేటులో పడిపోయెను. 2022లో యువాల్డే ఘోరము తరువాత రెండు పక్షములు కలిసి చిన్న చట్టమొకటి చేసెను. 21 ఏండ్లలోపు కొనుగోలుదారులకు అధిక పరీక్ష అందలి ముఖ్యాంశము. స్త్రీని హింసించినట్లు కోర్టు తేల్చి ఆంక్ష విధించినవానికి తుపాకి తగదను చట్టమును 2024లో అచటి సుప్రీముకోర్టు ఎనమండుగురి మెజారిటీతో నిలిపెను. వస్తువును నిషేధించుట యసాధ్యమైనచోట ప్రమాదకరుడగు మనుష్యుని నిరోధించుట సాధ్యమగుచున్నదని దీని సారము.

కావున మన దేశమునకు మేము సూచించునవి నాలుగు. మొదటిది, ఇంట భార్యను గాని పరులను గాని కొట్టెదనని, చంపెదనని బెదరించిన వానిపై కేసు నమోదైన తోడనే విచారణ ముగియువరకు తుపాకి ఠాణాలో నుండవలెను. ప్రజాక్షేమార్థము లైసెన్సును నిలుపు నధికారము 17వ సెక్షనులో నున్నదే. దానిని అధికారి యిష్టమునకు విడువక విధిగా చేయవలెను. ఇది సాధ్యమా యందురా? ఎన్నికలు వచ్చినపుడెల్ల లైసెన్సు తుపాకులు ఠాణాలకు చేరుటకు మన గ్రామస్థులు అలవాటు పడియున్నారు. వోటుపెట్టె కొరకు చేయునది ఆడుబిడ్డ ప్రాణము కొరకు చేయరాదా?

రెండవది, గడువు అయిదేండ్లే యైనను, ఏటేట లైసెన్సుదారుని, తుపాకిని, తూటాల ఖర్చును సరిచూచు నియమము. మూడవది, తూటాల లెక్క. దొంగపిస్తోలును కొలిమిలో చేయవచ్చును గాని మంచి తూటాను చేయుట కష్టము. అది దుకాణమునుండియో సర్కారు గిడ్డంగినుండియో జారవలసినదే. అమ్మువాని పుస్తకమును తనిఖీ చేయుటకు ఏ శాసనసభలోను వ్యతిరేకత రాదు. నాలుగవది, పెండ్లిండ్లలో ఊరేగింపులలో వేడుకకై కాల్చు దురాచారము. 2019 సవరణ దీనికి రెండేండ్ల ఖైదు వరకు, లక్ష రూపాయల జుల్మానా వరకు, లేదా రెండును విధించుచున్నది. చట్టమున్నది, పెద్దమనుష్యుని పెండ్లిపందిరిలో దానిని నడపు ధైర్యమే కావలెను.

శిక్షలను పెంచిన చాలునని కొందరి తలంపు. 1988లో నిషిద్ధాయుధముతో ప్రాణము తీసినవానికి విధిగా మరణశిక్షయని చట్టము చేయగా, 2012లో సుప్రీముకోర్టు దానిని కొట్టివేసెను. నేరగానిని వెరపించునది శిక్షయొక్క ఘోరత్వము కాదు, పట్టుపడుదునను నిశ్చయము. తుపాకి పరీక్షాశాలలనుండి నివేదికలు జాగులేక వచ్చినచో నూరు కఠినశిక్షల ఫలము లభించును.

మారుమూల పొలములో నొంటిగా నుండు రైతు మమ్ము ప్రశ్నింపవచ్చును: ఠాణా పది మైళ్లు, అడవిపంది పదిబారలు; మేమేమి చేయుదుము? ఆ ప్రశ్న న్యాయమైనది. పైని నాలుగింటిలో నొక్కటియు ఆతని పంటకాపు తుపాకిని లాగుకొనదు. ఆతని యింట నున్నది తెలిసియుండుటయు, అది కోపిష్టి చేతికి పోకుండుటయు మాత్రమే కోరుచున్నది. పరప్రభుత్వము మనలను నమ్మక ఆయుధములను దీసికొనెను. మన ప్రభుత్వము మనలను నమ్మి ఆయుధము నిచ్చునపుడు లెక్క చెప్పుట మనకు చిన్నతనము కాదు, పౌరధర్మము. శాసనసభ్యులు ఈ నాలుగు చిన్న పనులను ముందు నెరవేర్చి, పెద్దమాటలను పిమ్మట పలుకుదురుగాక!