నీలం స్వెట్టరు ఎక్కడిది?

మా అమ్మాయి లీవింగ్ సర్ట్ చదువుతోంది. సీఏఓ దరఖాస్తులో మొదటి కోర్సుగా జర్నలిజం రాసింది. ఫ్యాషన్ పత్రికలో పనిచేస్తుందట! "బట్టల గురించి రాయడానికి ఇన్నేళ్ల చదువా?" అని నవ్వాను. అది కోప్పడలేదు. శనివారం రాత్రి నన్ను కూర్చోబెట్టి 'ది డెవిల్ వేర్స్ ప్రాడా' చూపించింది.

2006లో వచ్చిన ఈ సినిమాకి దర్శకుడు డేవిడ్ ఫ్రాంకెల్. మూలం లారెన్ వైస్‌బర్గర్ 2003లో రాసిన నవల. అంతకు ముందు ఆవిడ వోగ్ పత్రిక సంపాదకురాలు ఆనా వింటూర్ దగ్గర సహాయకురాలిగా పనిచేశారు. సినిమాలో సంపాదకురాలు మిరాండా (మెరిల్ స్ట్రీప్). పాత్రికేయురాలు కావాలనుకునే ఆండీ (ఆన్ హాథవే) ఆవిడ దగ్గర చిన్న ఉద్యోగంలో చేరుతుంది.

ఒకేలా కనిపించే రెండు బెల్టుల్లో ఏది తీసుకోవాలా అని అందరూ తర్జనభర్జన పడుతుంటే ఆండీకి నవ్వొస్తుంది. నాకూ వచ్చింది. మిరాండా గొంతు పెంచకుండానే వివరిస్తుంది. ఆండీ వేసుకున్న స్వెట్టరులోని నీలం పేరున్న డిజైనర్ల ప్రదర్శనల్లో మొదలై, పెద్ద దుకాణాలకి దిగి, చివరికి చవక బుట్టలో పడి ఆమెదాకా వచ్చిందట. ఎంచుకున్నది ఆమె కాదు, ఇలాంటి గదుల్లో కూర్చున్నవాళ్లు!

"నాన్నా, నీ స్వెట్టరు ఎక్కడిది?" అంది మా అమ్మాయి. ఇంకెక్కడిది, పెన్నీస్‌ది. 1969లో డబ్లిన్ మేరీ స్ట్రీట్‌లో మొదలై, బయటి దేశాల్లో ప్రైమార్క్ అయిన ఆ కొట్టు లేకపోతే మన కుటుంబాలకి చలికాలం గడుస్తుందా?

అలాంటి గదిని చాలాకాలం ఏలినావిడ మన డబ్లిన్ మనిషేనని తర్వాత తెలిసింది. కార్మెల్ స్నో 1887లో డాల్కీలో పుట్టారు. తండ్రి పోయాక తల్లి అమెరికా వెళ్లి, న్యూయార్కులో దుస్తులు కుట్టించే వ్యాపారం నడిపారు. అలా వలస వెళ్లిన పిల్ల 1934 నుంచి రెండు దశాబ్దాలకు పైగా హార్పర్స్ బజార్ పత్రికకి సంపాదకురాలు. 1947లో డియోర్ దుస్తులకి 'న్యూ లుక్' అన్న పేరు ఆవిడ మాటవల్లే స్థిరపడింది.

1953లో డన్సానీ కోటలో సిబిల్ కానలీ తన దుస్తులు ప్రదర్శించినప్పుడు అమెరికా పాత్రికేయులతో పాటు ఆవిడా వచ్చారు. కానలీ వాడింది రుమాళ్లకి నేసే పల్చటి నార బట్ట. తొమ్మిది గజాల బట్టని సన్నటి కుచ్చిళ్లు పెడితే ఒక గజం అయ్యేదట. పల్లె ఆడవాళ్ల ఎర్ర ఉన్ని పావడాల బట్టనీ ఆవిడ వదల్లేదు. ఆ ఏడే లైఫ్ పత్రిక ముఖచిత్రంగా ఐరిష్ దుస్తులు వచ్చాయి. అంటే మిరాండా చెప్పింది సగమే. ఫ్యాషన్ పైనుంచి కిందికి దిగడమే కాదు, మగ్గం దగ్గర్నుంచి పైకీ ఎక్కుతుంది, ఎక్కించే కన్నున్న సంపాదకులుంటే. పొందూరు, మంగళగిరి నేతగాళ్లకి కావలసిందీ అదే కదా!

ఇక ఆ ఉద్యోగంలో చాకిరీ మాట. తండ్రితో భోంచేస్తున్న ఆండీకి మిరాండా ఫోన్ వస్తుంది, భోజనం పాడవుతుంది. ఆ చోట మా అమ్మాయి నా వంక చూసింది. దాని పదహారో పుట్టినరోజున, సర్వరు పడిపోయిందని ఫోన్ వస్తే బల్ల దగ్గర్నుంచి లేచిపోయినవాణ్ణి నేనే. ఆ బాధ ఫ్యాషన్‌ది కాదు, ఉద్యోగానిది.

సీఏఓలో కోర్సుల వరస మార్చుకోవడానికి జూలై 1 దాకా గడువుంది. మార్చమని నేను అడగను.