మార్పిడి తర్వాతే మొదలయ్యే కాపలా



బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లల కోసం విరాళం అడిగితే మనవాళ్లు వెనుకాడరు. అయితే చికిత్స జరిగిన కొన్ని నెలలకు మళ్లీ సాయం అడిగితే, "మూలకణ మార్పిడి అయిపోయింది కదా, ఇంకా డబ్బు దేనికి?" అనే ప్రశ్న వస్తుంది. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబే ఈ వ్యాసం.

మన రక్తం ఎముకల లోపలి మూలుగులో తయారవుతుంది. అక్కడ తెల్లకణాలు పక్వానికి రాకుండానే అదుపు తప్పి పెరిగితే అది లుకేమియా. పిల్లల్లో చాలామందికి మందులతోనే నయమవుతుంది. మందులకు లొంగనప్పుడు, లేదా తగ్గి తిరగబెట్టినప్పుడు కొందరికి మూలకణ మార్పిడి చేస్తారు. మన దేశంలో 1983లో ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో ఈ చికిత్స మొదలైంది. మన హైదరాబాద్‌లోని నిమ్స్‌లోనూ చేస్తున్నారు.

దీన్ని ఆపరేషన్ అంటుంటాం కానీ కోత ఉండదు. ముందు బలమైన మందులతో బిడ్డ మూలుగును ఖాళీ చేస్తారు. తర్వాత దాత మూలకణాలను రక్తం ఎక్కించినట్టే నరం ద్వారా ఎక్కిస్తారు. సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఒక్కొక్కరిది పూర్తిగా సరిపోయే అవకాశం 25 శాతం. లేకపోతే తల్లిదండ్రులో, బయటి దాతో ఇస్తారు.

మరి ఎందుకు తిరగబెడుతుంది? చేలో తుంగ పీకిన రైతుకు ఇది తెలుసు. పైకి చేను శుభ్రంగా కనిపించినా నేలలో నాలుగు గడ్డలు మిగిలితే చాలు, మళ్లీ మొలుస్తుంది. తిరగబెట్టడమన్నది ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే జరుగుతుంది. దాన్ని ముందే పసిగట్టడానికి డాక్టర్లు ముఖ్యంగా మూడు విషయాలు చూస్తారు.

మొదటిది, మార్పిడికి ముందు వ్యాధి ఎంత మిగిలి ఉందన్నది. మైక్రోస్కోపుకు అందని క్యాన్సర్ కణాన్ని, పది వేల కణాల్లో ఒక్కటి ఉన్నా, పట్టుకునే పరీక్షలున్నాయి. వాటిని ఎం.ఆర్.డి. పరీక్షలంటారు. అప్పటికే ఏమీ కనబడని పిల్లలకు ముప్పు తక్కువ.

రెండవది, మార్పిడి తర్వాత అదే పరీక్షను మళ్లీ మళ్లీ చేయడం. తుంటి ఎముక నుంచి మూలుగు తీసి చూస్తారు.

మూడవది, కైమెరిజం పరీక్ష. రక్తంలో దాత కణాలెన్ని, బిడ్డ సొంత కణాలెన్ని అని డి.ఎన్.ఎ. ద్వారా లెక్క తీస్తారు. ఒక రకంగా ఇది హాజరు పట్టీ. సొంత కణాల వాటా పెరుగుతూ పోతుంటే అది హెచ్చరిక.

ఈ పరీక్షలు జాతకం కాదు. రిపోర్టు బాగున్నా కొందరికి తిరగబెడుతుంది, బాగా లేకున్నా కొందరు నిలబడతారు. అయినా ముందే తెలిస్తే చేయడానికి ఏదో ఒకటి ఉంటుంది. రోగనిరోధక శక్తిని అణచే మందులు తగ్గించి దాత కణాలను పని చేయనివ్వవచ్చు. దాత తెల్లకణాలను మరోసారి ఎక్కించవచ్చు. వ్యాధి పూర్తిగా తిరిగొచ్చాక చికిత్స చాలా కష్టం. అందుకే పరీక్ష తేదీ దాటిపోకూడదు.

ఇక్కడే మన బాధ్యత ఉంది. చెల్పూర్ నుంచి హైదరాబాద్ దాదాపు 200 కిలోమీటర్లు. నిరోధక శక్తి తక్కువగా ఉన్న బిడ్డను కిక్కిరిసిన బస్సులో తీసుకెళ్లలేరు. కారు కిరాయి, ఆసుపత్రి దగ్గర గది, తల్లిదండ్రులు పోగొట్టుకునే కూలి, వీటికి తోడు పరీక్షల ఖర్చు. చేతిలో డబ్బు లేని కుటుంబం "బిడ్డ బాగానే ఉంది కదా, వచ్చే నెల పోదాం" అనుకుంటుంది. ఆ ఒక్క నెలే కీలకం కావచ్చు.

కాబట్టి మనం ఒక బిడ్డకు సాయం చేస్తే, ఆ మొత్తంలో కొంత తర్వాతి రెండేళ్ల పరీక్షలకూ ప్రయాణాలకూ విడిగా ఉంచుదాం. జకాత్ సొమ్ము ఎవరికి, ఎలా వర్తిస్తుందో ఆలిమ్‌లను అడిగి ఇద్దాం. సదఖాకైతే ఏ మతం బిడ్డ అని చూడనక్కర లేదు. డబ్బు ఇవ్వలేనివారు రక్తం, ప్లేట్‌లెట్లు ఇవ్వవచ్చు.

స్వస్థత ఇచ్చేవాడు అల్లాహ్. పరీక్ష తేదీకి ఆ బిడ్డ ఆసుపత్రిలో ఉండేలా చూడటం మాత్రం మన పని. ఇన్షా అల్లాహ్, అది మనం చేయగలం.