అక్క పేరు పెట్టి.. తన కథ పాడింది!

చేతిలో గ్రామీలు.. బిల్‌బోర్డ్‌లో నంబర్‌వన్‌ ఆల్బమ్‌. అలాంటి టైమ్‌లో టీమ్‌ని పక్కనపెట్టి ‘ఇది నేనొక్కదాన్నే చేస్తా’ అంటే? మనింట్లో అయితే ‘బంగారంలాంటి ఉద్యోగం ఎవరైనా వదులుకుంటారా’ అని క్లాస్‌ పీకేవారు. బ్రిటనీ హోవర్డ్‌ చేసింది అదే.

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఏథెన్స్‌ అనే చిన్న ఊరు ఆమెది. స్కూల్లో పరిచయమైన జాక్‌ కాక్రెల్‌తో కలిసి పాటలు కట్టడం మొదలుపెట్టింది. అదే ‘అలబామా షేక్స్‌’ బ్యాండ్‌ అయింది. అది నిలదొక్కుకునే దాకా ఇల్లిల్లూ తిరిగి ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసింది. 2015లో ‘సౌండ్‌ అండ్‌ కలర్‌’ సూపర్‌హిట్‌. కానీ ఆ తర్వాతి ఆల్బమ్‌కి పాటలే కుదర్లేదు. ముప్ఫై దగ్గరపడుతుంటే కారేసుకుని దేశం తిరిగింది. చివరికి కాలిఫోర్నియాలోని టొపాంగాలో ల్యాప్‌టాప్‌ ముందేసుకుని కూర్చుంది. అలా 2019 సెప్టెంబరు 20న వచ్చిందే ‘జేమీ’. 11 పాటలు, సుమారు 35 నిమిషాలు.

జేమీ ఆమె అక్క. పియానో వాయించడం, కవితలు రాయడం నేర్పింది తనే. రెటీనోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్‌తో 1998లో, 13 ఏళ్లకే చనిపోయింది. అదే జబ్బు బ్రిటనీ ఒక కంటి చూపునీ దెబ్బతీసింది. అయినా పాటలు అక్క గురించి కావు, తన గురించే.

‘గోట్‌ హెడ్‌’ వినండి. ఆమె తల్లి తెల్లజాతి, తండ్రి నల్లజాతి. ఎవరో తండ్రి కారు టైర్లు కోసేసి, లోపల మేక తల పడేసి పోయారు. ఆ సంగతిని అరిచి చెప్పదు. చిన్నపిల్ల అమాయకంగా అడిగే ప్రశ్నల్లా పాడుతుంది. నలుగురున్న బ్యాండ్‌ పేరు మీద ఈ పాట వచ్చుంటే ఇంత సూటిగా ఉండేది కాదేమో!

సోలో అన్నారు కదా అని పాతవాళ్లతో తెగతెంపులేం లేవు. బేస్‌ గిటార్‌ ఆ కాక్రెల్‌దే. కీబోర్డుకి జాజ్‌ కళాకారుడు రాబర్ట్‌ గ్లాస్పర్‌, డ్రమ్స్‌కి నేట్‌ స్మిత్‌ తోడయ్యారు. రికార్డింగ్‌ చూసింది ‘సౌండ్‌ అండ్‌ కలర్‌’కి పనిచేసిన షాన్‌ ఎవరెట్‌. ఇందులోని ‘స్టే హై’ 2021లో ఉత్తమ రాక్‌ సాంగ్‌గా గ్రామీ గెలిచింది. ఇక అలబామా షేక్స్‌ అంటారా.. 2025లో బ్రిటనీతోనే మళ్లీ టూర్‌కి బయల్దేరింది.