మీకు తెలుసా? కందిచేలో జొన్న సాలు ఊరికే వేయలేదు

పూత మీదున్న కందిచేలో మొన్నటిదాకా పచ్చగా ఉన్న మొక్క ఉన్నట్టుండి తల వాలుస్తుంది. నేలలో పదును ఉన్నా ఎండిపోతుంది. ఒక్కోసారి ఒకవైపు కొమ్మలు ఎండి, రెండోవైపు పచ్చగానే ఉంటాయి. నీళ్లు చాలలేదేమో అనుకుంటాం. ఆ మొక్క మొదలు దగ్గర కాండాన్ని నిలువునా చీల్చి చూడండి. లోపల గోధుమ, నలుపు రంగు చారలు కనిపిస్తే అది ఎండు తెగులు. వేరుకు నీళ్లు అందుతూనే ఉంటాయి, పైకెక్కే దారి మూసుకుపోయింది అంతే.

ఆ దారి మూసేది ఫ్యుజేరియం ఉడమ్ అనే శిలీంధ్రం. బిహార్‌లోని పూసాలో పనిచేసిన ఎడ్విన్ బట్లర్ 1910లోనే దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. తెగులు మనకు కనిపించేది పూత, కాయ దశల్లో. శిలీంధ్రం వేరులో దూరేది మాత్రం అంతకు చాలా ముందే. అందుకే ఎండటం మొదలయ్యాక పైన మందు కొడితే డబ్బు దండగ. మొక్కలోకి ఇంకే తెగులు మందుల్లో దాదాపు అన్నీ కింది నుంచి పైకే వెళ్తాయి. ఆకు మీద పడ్డది వేరు దాకా దిగదు.

పంట కోసేశాక కూడా తెగులు పోదు. నేలలో మిగిలిన కంది మోళ్లలో ఏళ్ల తరబడి బతికి ఉంటుంది. శనగను ఎండబెట్టే దీని దాయాది శిలీంధ్రమైతే శనగ వేయకపోయినా ఆరేళ్ల దాకా నేలలో నిలుస్తుంది!

మరి జొన్న సంగతి? మన పెద్దలు కంది, జొన్న కలిపి వేసేవారు. ఇది ఇంటి గింజల కోసం, పశువుల చొప్ప కోసమే అనుకునేవాళ్లం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 1980లలో చేసిన పరీక్షల్లో తేలిందేమిటంటే, జొన్న అంతర పంటగా ఉన్నా, ఒక ఏడాది కంది మాని జొన్న వేసినా ఎండు తెగులు బాగా తగ్గుతుంది. జొన్న వేర్ల నుంచి ఊరే పదార్థాలు ఈ శిలీంధ్రానికి గిట్టవు. పెద్దల సాగు పద్ధతిని పాతదని కొట్టిపారేసే ముందు ఈ ఒక్క సంగతైనా గుర్తు చేసుకోవాలి.

ఆ ఇక్రిశాట్‌లోనే తెగులును కావాలని పెంచే మడులున్నాయి. ఎండిన కంది మొక్కలను ముక్కలు చేసి మళ్లీ అదే నేలలో కలుపుతారు. అందులో నిలిచి బతికిన మొక్కే తట్టుకునే రకానికి తల్లి. 1986లో కర్ణాటకలో విడుదలైన మారుతి రకం ఎండు తెగులును అలా తట్టుకున్నదే. అయితే వెర్రి తెగులుకు అది లొంగుతుంది. ఒక్క విత్తనం మీదే భారం వేయకూడదన్నది అందుకే.

శిలీంధ్రాన్ని తినే శిలీంధ్రమూ ఉంది, ట్రైకోడెర్మా. శత్రువు పోగుల చుట్టూ చుట్టుకుని, దాని గోడను కరిగించి తినేస్తుంది. రెండు కిలోల పొడిని 90 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీడలో తడి ఆరకుండా వారం పది రోజులు మాగబెట్టి, ఎకరం నేలలో పదును ఉన్నప్పుడు చల్లాలి. ఇది ప్రాణమున్న సరుకు. పాకెట్ మీద గడువు తేదీ చూడకుండా కొనవద్దు, ఎండలో పెట్టవద్దు, కార్బండజిమ్ లాంటి మందుతో కలపవద్దు.

ఈ ఏడు మీ చేలో మొక్కలు ఎండిన చోటును గుర్తు పెట్టుకోండి. వాటిని వేర్లతో సహా పీకి తగలబెట్టండి. వచ్చే ఖరీఫ్‌లో ఆ చెలకలో కంది బదులు జొన్న వేయండి.